కొట్టు బాబాయ్ ముందు నుంచి మార్ట్ సంచులతో వెళ్ళాలంటే తల ఎత్తలేకపోతున్నా

కృష్ణలంక_కోడలు
మా సందు మొదట్లో ఒక కిరాణా కొట్టు ఉంది, అందరం కొట్టు బాబాయ్ అంటాం. 2020 లాక్‌డౌన్‌లో మా ఆయనకి మూడు నెలలు జీతం రాలేదు. ఆ మూడు నెలలూ బాబాయ్ ఒక్కసారి కూడా డబ్బు మాట ఎత్తలేదు, బియ్యం, నూనె, పప్పు, చివరికి పాపకి బిస్కెట్ ప్యాకెట్టు కూడా ఇచ్చి ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్నాడు. మొత్తం 14 వేల చిల్లర తేలింది. తీర్చడానికి మాకు ఏడాది పట్టింది, రూపాయి వడ్డీ అడగలేదు.

ఇప్పుడు రెండేళ్ళుగా నెల సరుకులన్నీ పెద్ద డిస్కౌంట్ మార్ట్‌లోనే తెచ్చుకుంటున్నాం. నెలకి వెయ్యి రూపాయల దాకా మిగులుతోంది, కాదనను. మొన్న ఆదివారం ఆటో దిగుతుంటే సంచి అడుగు తెగి కందిపప్పు ప్యాకెట్టు సరిగ్గా ఆయన కొట్టు మెట్ల మీద పడింది. ఆయనే లేచి వచ్చి, తీసి, దుమ్ము దులిపి నా చేతికిచ్చి "ఎంత పడిందమ్మా కిలో" అన్నాడు. చెప్పాను. "నాకు గొల్లపూడి హోల్‌సేల్లోనే అంతకంటే ఎక్కువమ్మా" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో, అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను చేస్తోంది తప్పా? మా ఆయన "అప్పు తీర్చేశాంగా, ఇంకేంటి" అంటాడు. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు
మీ ఆయన చెప్పిందే కరెక్టు. అప్పు తీసుకున్నారు, తీర్చారు, ఖాతా మూసేశారు. నెలకి వెయ్యి అంటే ఏడాదికి 12 వేలు, పాప స్కూలు ఫీజులో ఒక టర్ము. సెంటిమెంటుకి ఏడాదికి 12 వేలు కట్టమని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు.

వరంగల్_చెల్లె
నాకైతే చదువుతుంటేనే గుండె పిండినట్టయింది. ఉద్దెర ఇచ్చిన మనిషిని ఎట్ల మర్చిపోతం మాస్టారూ, అది బ్యాంకు లోనా ఏంది తీరినంక మర్చిపోనీకి.

పొదుపు_పద్మ
నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఎవరూ ఏమనుకోవద్దు. మాది హైదరాబాద్, మా ఆయన డ్రైవరు, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. నీతి గురించి చెప్పేవాళ్ళు ముందు మా జీతంతో ఒక నెల ఇల్లు నడిపి చూపించాలి. లీటరు నూనె మీద 12 రూపాయలు తగ్గితే నాకు అది పండగ.

ఇంకోటి, అందరి కొట్టు బాబాయ్‌లూ ఆవిడ బాబాయ్ లాంటివాళ్ళు కాదు. మా సందులో కొట్టాయన కూల్‌డ్రింకు మీద, పాల ప్యాకెట్టు మీద ఎంఆర్‌పీ కంటే రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు, కూలింగ్ చార్జీ అంట. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెడతాడు. ఐదు రూపాయల షాంపూ కోసం నేను నిలబడి ఉంటే, కారు ఆపి హారన్ కొట్టినాయనకి ముందు ఇస్తాడు. మార్ట్‌లో నా చేత్తో నేను తీసుకుంటా, వెనక తారీఖు చూసుకుంటా, వద్దనుకుంటే పెట్టేస్తా, నన్ను ఎవరూ పైకీ కిందికీ చూడరు. ఆ మర్యాద మాకు అక్కడే దొరికింది. దానికి కూడా సిగ్గుపడాలా?

లెక్కల_మాస్టారు
పద్మ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఎంఆర్‌పీ మీద పైసా ఎక్కువ తీసుకున్నా తూనికలు కొలతల శాఖకి కంప్లైంట్ చేయొచ్చు, కూలింగ్ చార్జీ అనేది చట్టంలోనే లేదు.

కొట్టోడి_కొడుకు
మాది తెనాలి, మా నాన్న 31 ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాడు, కాబట్టి కౌంటర్‌కి అటు పక్క సంగతి నేను చెప్తా. పద్మ అక్క చెప్పినవి చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని వెనకేసుకు రాను. కానీ మా నాన్న పొద్దున 5 గంటలకి షట్టర్ ఎత్తుతాడు, పాల కోసం. రాత్రి 10 దాటాక దించుతాడు. 31 ఏళ్ళలో తిరుపతి రెండుసార్లు వెళ్ళాడంతే.

పోయిన దసరాకి ఏం జరిగిందో చెప్తా. మాకు సప్లై చేసే ఏజెన్సీ రేటు కంటే మార్ట్‌లో సర్ఫ్ ప్యాకెట్టు రేటు తక్కువ ఉంది. మా నాన్న ప్యాంటూ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఆ మార్ట్‌కి వెళ్ళి ట్రాలీ నింపాడు. బిల్లుకి నాలుగు ప్యాకెట్లే అన్నారు. నేను ఒక లైన్లో, ఆయన ఒక లైన్లో నిలబడ్డాం. ఆ లైన్లో మా కొట్టు ఖాతాదారులు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు మా నాన్నని చూశారు, మా నాన్న వాళ్ళని చూశాడు, ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అన్నం తినకుండా పడుకున్నాడు.

మార్ట్‌కి వెళ్ళడం మాకు బాధ కాదండి. ఒకటో తారీఖున జీతం పడగానే మార్ట్‌కి వెళ్తారు, ఇరవయ్యో తారీఖు జేబు ఖాళీ అయ్యాక మా దగ్గరికి వచ్చి రాసుకో అంటారు. నగదంతా అక్కడ, అప్పంతా ఇక్కడ. ఈ రోజుకి మా పుస్తకంలో రావలసింది 2 లక్షల 30 వేలు ఉంది, అందులో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళే సగం.

వరంగల్_చెల్లె
నగదంతా అక్కడ, అప్పంతా ఇక్కడ. ఈ మాట మా అమ్మకు చదివి వినిపించిన, "మనం గూడ గట్లనే చేస్తున్నం గద" అన్నది.

పొదుపు_పద్మ
తమ్ముడూ మీ నాన్నగారి సంగతి చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగా. కానీ ఒక మాట. ఆ అప్పు వడ్డీ లేని అప్పు అని అందరూ అంటున్నారు, వడ్డీ రేటులోనే కలిసి ఉంటది కదా? అప్పు పెట్టేవాడికి ఆ రేటు న్యాయమే. చేతిలో డబ్బు పెట్టి కొనేదాన్ని, నేనెందుకు ఆ వడ్డీ కట్టాలి?

కొట్టోడి_కొడుకు
మంచి ప్రశ్నే అక్కా. మా నాన్నని అడిగా. "ఇవాళ నగదు ఇచ్చేవాళ్ళే రేపు అప్పు అడుగుతారురా, ఎవరు ఎప్పుడు అడుగుతారో నాకేం తెలుసు" అన్నాడు. ఇంతకంటే సమాధానం నా దగ్గర లేదు.

ఏజెన్సీ_అన్న
రాజమండ్రిలో రెండు కంపెనీలకి డిస్ట్రిబ్యూటర్‌ని, ఆ రేటు తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్తా వినండి. మేం కంపెనీకి ముందు డబ్బు కడితేనే లోడు వస్తుంది. కొట్లకి వారం, పదిహేను రోజులు అప్పిస్తాం. మాకు మిగిలేది 4, 5 శాతం, గోడౌన్ అద్దె, ట్రాలీ ఆటో, ఇద్దరు సేల్స్‌మన్ల జీతం, ఎలకలు కొట్టేసిన సరుకు, ఎక్స్‌పైరీ అన్నీ అందులోనే. 100 ఎంఆర్‌పీ ఉన్న డిటర్జెంట్ నేను కొట్టుకి 89కి వేస్తున్నా. అదే ప్యాకెట్టు మార్ట్‌లో కస్టమర్‌కే 85. కంపెనీ వాళ్ళకి నేరుగా ఇస్తుంది, నాకిచ్చే రేటు కంటే తక్కువకి ఇస్తుంది, మధ్యలో నేనూ లేను, కొట్టూ లేదు.

ఇది మా ఒక్క ఊరి గోల కాదు. 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు కోల్గేట్ సరుకు కొంత తీసుకోం అని ఆపేశారు, ఒకే పేస్టుకి మాకో రేటు, పెద్ద చెయిన్లకీ ఆన్‌లైన్ కంపెనీలకీ ఇంకో రేటా అని. తర్వాత మాట్లాడుకుని సర్దుకున్నారు గానీ తేడా మాత్రం పోలేదు. మార్ట్‌ని తిట్టేవాళ్ళు ఒకసారి కంపెనీని కూడా అడగాలి.

లెక్కల_మాస్టారు
ఇందులో దొంగతనం ఎక్కడుందో నాకు కనపడట్లేదు అన్నా. డీమార్ట్‌నే తీసుకోండి. 2002లో ముంబై పొవాయిలో ఒక్క షాపుతో మొదలుపెట్టారు రాధాకిషన్ దమానీ. మాల్స్‌లో అద్దెకుండరు, చాలావరకు సొంత బిల్డింగులే, అద్దె భారం తక్కువ. సప్లయర్లకి నెలల తరబడి తిప్పించుకోకుండా పది రోజుల్లోపే డబ్బు ఇచ్చేస్తారని పేరు, అందుకే కంపెనీలు రేటు తగ్గిస్తాయి. అమ్మకం మీద గ్రాస్ మార్జిన్ (కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ తేడా) 15 శాతం అటూ ఇటూ, అంటే అడ్డగోలుగా లాగట్లేదు. మ్యూజిక్ ఉండదు, సోకులు ఉండవు, సరుకు గుట్టలు పోసి అమ్ముతారు. 2017 మార్చిలో షేరు 299కి ఇస్తే మొదటి రోజే రెట్టింపు దాటింది. తెలివిగా వ్యాపారం చేసి, మనకి తక్కువకి ఇచ్చేవాడిని నీతి తప్పాడు అంటే నేను ఒప్పుకోను.

ఏజెన్సీ_అన్న
నీతి తప్పాడు అని నేనెక్కడన్నా మాస్టారూ. తక్కువ రేటు గాల్లోంచి రాదు, ఎవరో ఒకరి వాటా కోస్తేనే వస్తుంది అన్నా. ఈసారి కోసింది నాదీ, మా ఇద్దరు సేల్స్‌మన్లదీ. ఒకతన్ని పోయిన ఏప్రిల్‌లో మానిపించేశా, పదకొండేళ్ళు చేశాడు నా దగ్గర.

బిల్లింగ్_కౌంటర్_4
రోజూ చదువుతా గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయాలనిపించింది. ఒక చెయిన్ మార్ట్‌లో రెండున్నరేళ్ళు బిల్లింగ్‌లో చేశా. పేరు చెప్పను, ఇంకా స్నేహితులు అక్కడే ఉన్నారు.

నా కౌంటర్‌లో కుర్చీ ఉండేది కాదు. పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా నిలబడే, మధ్యలో అరగంట భోజనం, పదిహేను నిమిషాలు టీ. పండగ సీజన్లో ఆ టీ కూడా ఉండదు. ఎడమ చేత్తో లాగి, కుడి చేత్తో స్కాన్ చేసి, పది కేజీల పిండి బస్తా అయితే ఎత్తాలి. సాయంత్రానికి మడమల కింద ముల్లు గుచ్చినట్టు ఉండేది. నీళ్ళు తక్కువ తాగేదాన్ని, ఎందుకంటే బాత్రూమ్‌కి వెళ్ళాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి, లైన్ పెద్దగా ఉంటే ఆగమంటాడు. ఒకసారి రాత్రి క్యాష్ లెక్కలో 340 తక్కువొచ్చింది, ఆ నెల జీతంలో కోశారు. మేం ఏజెన్సీ కాంట్రాక్టు మీద, చేతికి 11,500 వచ్చేది.

కానీ ఇది కూడా చెప్పాలి. ఆ 11,500 నా అకౌంట్‌లో పడేది. పీఎఫ్ ఉంది, ఈఎస్ఐ ఉంది, మా అమ్మ ఆపరేషన్ ఈఎస్ఐ ఆసుపత్రిలోనే అయింది. మా అన్న అదే టైములో ఒక హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా, నెలకి 8 వేలు చేతికి, పీఎఫ్ లేదు, సెలవు పెడితే కోత, కూర్చుంటే తిట్లు. చిన్న కొట్టు అంటే మంచిది, పెద్ద మార్ట్ అంటే చెడ్డది అని నేను అనలేను. నేను అడిగేదల్లా ఒక స్టూలు.

వరంగల్_చెల్లె
అక్కా నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. రెండు నెలల కింద లైన్ కదుల్తలేదని ఒక బిల్లింగ్ పిల్ల మీద గట్టిగ అరిచిన. ఆమె ముఖం ఇప్పుడు యాదికొస్తున్నది.

కృష్ణలంక_కోడలు
నేను కొట్టు బాబాయ్ గురించే ఆలోచించా, కౌంటర్‌లో నిలబడ్డ అమ్మాయి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వాళ్ళకి కుర్చీ లేదన్న సంగతే నేను గమనించలేదు ఇన్నాళ్ళూ.

ఏజెన్సీ_అన్న
కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాలు మార్చారు, షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఉండాలని. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి తెచ్చుకున్నారు అది.

బిల్లింగ్_కౌంటర్_4
అవును అన్నా, మా స్టాఫ్ గ్రూపులో ఎవరో పెట్టారు ఆ వార్త. మేం పదిసార్లు ఫార్వర్డ్ చేసుకున్నాం.

డల్లాస్_అత్తగారు
నేను టెక్సాస్‌లో ఉంటాను, ఇరవై రెండేళ్ళయింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో వాల్‌మార్ట్ చూసి స్వర్గం అనుకున్నాను, ఒక్క జీతం మీద ఉన్నప్పుడు అదే మమ్మల్ని నిలబెట్టింది. తర్వాత తెలిసింది, 2020లో ఇక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఒక రిపోర్టు ఇచ్చింది, ఉద్యోగం చేస్తూ కూడా ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల మీద ఆధారపడేవాళ్ళు ఎక్కువమంది పనిచేసే కంపెనీల్లో వాల్‌మార్ట్ ముందు వరసలో ఉందని. అంటే నాకు చవగ్గా ఇచ్చిన దాంట్లో కొంత అందరి పన్నుల్లోంచి కూడా వెళ్తోందన్నమాట. మా ఊరికి ఓ గంట దూరంలో ఒక చిన్న టౌను ఉంది, మెయిన్ స్ట్రీట్ అంతా మూతపడిన షాపులే. ముసలివాళ్ళు మందుబిళ్ళకి కూడా కారేసుకుని హైవే పక్కకి వెళ్ళాలి. మన సందుల్లో కొట్లు ఉన్నంతకాలం దాని విలువ తెలియదమ్మా.

లెక్కల_మాస్టారు
అమెరికా పోలిక ఇక్కడ అతకదు మేడం. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువ సరుకు అమ్మేది కిరాణా కొట్లే. 2006లో రిలయన్స్ ఫ్రెష్ దేశంలో మొదటి షాపులు హైదరాబాద్‌లోనే తెరిచింది, అప్పుడే అన్నారు కొట్లన్నీ మూతపడతాయని. అంతకుముందే ఉన్న త్రినేత్ర సూపర్‌మార్కెట్లు మోర్‌లో కలిసిపోయాయి. కొట్టు బాబాయ్‌లు ఇంకా ఉన్నారు.

కొట్టోడి_కొడుకు
ఉన్నారు మాస్టారూ. కానీ మా వీధిలో ఏడు కొట్లు ఉండేవి, ఇప్పుడు మూడు. మా నాన్న తర్వాత ఆ కౌంటర్‌లో నేను కూర్చోను, ఆయనే కూర్చోవద్దన్నాడు. కొట్టు ఉండటం వేరు, కొట్టు మీద ఇల్లు గడవడం వేరు.

గట్టుమీద_రైతు
కూరగాయల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాది గుంటూరు జిల్లా, ఎకరంన్నరలో వంగ, టమాట, దొండ. ఒక చెయిన్ వాళ్ళ కలెక్షన్ సెంటర్‌కి ఒక సీజన్ వేశా. కాయ నున్నగా ఉండాలి, ఒకే సైజు ఉండాలి, మచ్చ ఉండకూడదు. పది ట్రేలు తీసుకెళ్తే ఆరు తీసుకునేవాళ్ళు, మిగతా నాలుగు నేనేం చేసుకోవాలి, తిప్పి తెచ్చి సాయంత్రం సంతలో వచ్చిన రేటుకి తోసేసేవాణ్ణి. తీసుకున్న ఆరిటికి మాత్రం తూకం కరెక్టు, డబ్బు కరెక్టు, దళారీ కమీషన్ కోత లేదు. రెండూ చూశా కాబట్టి చెప్తున్నా.

ఇప్పుడు రైతు బజార్‌కే వెళ్తున్నా. 1999లో మొదలైనప్పుడు మా నాయన కార్డు తీసుకున్నాడు, ఇప్పుడు నా పేరు మీద ఉంది. పుచ్చు ఉన్న వంకాయ అయినా కత్తితో కోసి చూపిస్తే తక్కువకి తీసుకుంటారు జనం. కూరగాయలకి మాత్రం మార్ట్ ఏసీలోకి వెళ్ళకండి, మా దగ్గరికి రండి.

పొదుపు_పద్మ
కూరగాయలు నేను ఎర్రగడ్డ రైతు బజార్‌లోనే కొంటా అన్నా, మార్ట్‌లో ఎప్పుడూ కొనలేదు.

కృష్ణలంక_కోడలు
ఇవాళ మధ్యాహ్నం కూర్చుని నాలుగు నెలల మార్ట్ బిల్లులు ముందేసుకున్నా. ఎంఆర్‌పీ మీద ఇంత మిగిలింది అని బిల్లు కింద వేస్తారు కదా, అదే చూసి వెయ్యి మిగులుతోంది అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. కొట్టు బాబాయ్ కూడా ఎంఆర్‌పీ మీద రెండు మూడు రూపాయలు తగ్గించే ఇస్తాడు, అది తీసేశా. ఆటోకి రానూ పోనూ 160. సంచికి 12. ఆ తర్వాత లిస్టులో లేనివి చూస్తే ఒక నెల ప్లాస్టిక్ డబ్బాల సెట్టు 249, ఒక నెల డోర్ మ్యాట్లు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని తెచ్చిన నూడుల్స్ సగం పురుగు పట్టి పారేశా. అన్నీ పోగా ఒక నెల 380 మిగిలింది, ఒక నెల 520, మిగతా రెండు నెలలు చేతి డబ్బే ఎదురు పడింది.

లెక్కల_మాస్టారు
డోర్ మ్యాట్లు మార్ట్ తప్పు కాదు కదండీ. లిస్టు రాసుకుని వెళ్ళి లిస్టు ప్రకారమే తెచ్చుకుంటే మిగులుతుంది. సంచి విషయంలో మాత్రం, ముందుగా చెప్పకుండా బిల్లింగ్ దగ్గర సంచికి డబ్బు తీసుకోవడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబర్‌లో ఒక కేసులో తేల్చింది. ఇంటి నుంచే రెండు గుడ్డ సంచులు పట్టుకెళ్ళండి.

పొదుపు_పద్మ
నేను లిస్టు దాటను. దాటితే నెలాఖరుకి గ్యాస్ బండ రాదు.

వరంగల్_చెల్లె
ఫోన్ నంబర్ గూడ చెప్పకున్రి బిల్లింగ్ కాడ. నంబర్ కోసం బలవంతం చేయొద్దని 2023లనే కేంద్రం షాపులకు చెప్పింది. నేను చెప్పనంటే నెలకు నాలుగు మెసేజులు తగ్గినయ్.

బిల్లింగ్_కౌంటర్_4
నంబర్ అడగకపోతే మాకు తిట్లు పడతాయి చెల్లీ, అడుగుతారు, నువ్వు మర్యాదగా వద్దను, ఆ పిల్ల మీద కోప్పడకు.

కొట్టోడి_కొడుకు
కృష్ణలంక అక్కా, మీ ప్రశ్నకి మా నాన్న చేత సమాధానం చెప్పించా, ఫోన్‌లో చదివి వినిపించి మరీ. ఆయన చెప్పింది ఇది. సబ్బు, సర్ఫ్, పేస్టు, టీపొడి లాంటి కంపెనీ ప్యాకెట్లు మార్ట్‌లోనే కొనుక్కోమను, వాటి మీద కొట్టుకి మిగిలేది కూడా ఏం లేదు, ఊరికే అలమర నిండుగా కనపడాలని పెట్టుకుంటాం. షాంపూ మాత్రం సాచెట్లు కొట్టులోనే కొనండి, ఎంఎల్ లెక్కన చాలాసార్లు బాటిల్ కంటే చవక. కొట్టుకి నాలుగు రూపాయలు మిగిలేది బియ్యం బస్తా, విడి పప్పులు, బెల్లం, చింతపండు, గుడ్లు, పూజ సామాను. బియ్యం అయితే మిల్లు నుంచి నేరుగా దింపుకుంటాం, వండి చూసి నచ్చకపోతే బస్తా వెనక్కి కూడా తీసుకుంటాం, మార్ట్‌లో ఆ మాట అడగలేరు. ఇప్పుడు 26 కేజీల బస్తాలు వస్తున్నాయి చూడండి, 2022 జులైలో 25 కేజీల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వేశాక ఆ పన్ను పడకుండా మిల్లులవాళ్ళు ఒక కిలో పెంచి కుట్టారు. అది తీసుకోండి.

అప్పు మాత్రం ఎక్కడ నగదు కొంటారో అక్కడే అడగండి అన్నాడు. ఆయన అన్న మాట అన్నట్టే రాశా.

పొదుపు_పద్మ
విడి కందిపప్పులో, చూడ్డానికి అలాగే ఉండే కేసరిపప్పు కలవదని గ్యారంటీ ఏంటి?

కొట్టోడి_కొడుకు
గ్యారంటీ ఏం లేదక్కా, మా నాన్న ముఖమే గ్యారంటీ. రేపు కూడా అదే వీధిలో కూర్చోవాలి కదా ఆయన.

పొదుపు_పద్మ
మీ నాన్న కొట్టు మా సందులో ఉండుంటే కొనేదాన్ని. మా సందులో ఉన్నాయన దగ్గర కొనను, ఎవరేమన్నా సరే.

కృష్ణలంక_కోడలు
శనివారం పొద్దున్నే వెళ్ళా, జనం లేని టైము చూసుకుని. బియ్యం బస్తా, రెండు కిలోల కందిపప్పు, కిలో మినప్పప్పు, ముప్పై గుడ్లు అడిగా. బాబాయ్ ఏమీ అడగలేదు, ఎర్ర అట్ట పుస్తకం తీసి మా పేజీ వెతుకుతున్నాడు. అప్పుకి వచ్చాననుకున్నాడు. "డబ్బులు తెచ్చా బాబాయ్" అంటే కళ్ళజోడు పైకి నెట్టి ఒకసారి చూసి పుస్తకం మూసి పెట్టాడు. పప్పు పొట్లం కట్టి, నాలుగు గింజలు నా అరచేతిలో పోసి "నమిలి చూడు, మొన్న దిగింది" అన్నాడు. మార్ట్‌తో చూస్తే 90 రూపాయలు ఎక్కువే అయింది, మా ఆయనకి చెప్పా, సరేలే అన్నాడు. సబ్బులూ సర్ఫూ మార్ట్‌లోనే తెస్తా, ఆ సంగతి కూడా ఆయనకే చెప్పేశా. "తెచ్చుకోమ్మా, నేనూ అక్కడే కొంటున్నా" అన్నాడు.

లెక్కల_మాస్టారు
90 మీ ఇష్టం. మీకు నిద్ర పడితే చాలు.

పొదుపు_పద్మ
నేను మార్ట్ మానను, ముందే చెప్పా. కానీ కౌంటర్ 4 చెల్లీ, నిన్న బిల్లు కట్టేటప్పుడు చూశా, తొమ్మిది కౌంటర్లు, తొమ్మిది మంది పిల్లలు, ఒక్క స్టూలు లేదు. కస్టమర్ సర్వీస్ దగ్గర సలహాల పుస్తకం ఉంటే అడిగి తీసుకున్నా. "బిల్లింగ్ పిల్లలకి కూర్చోడానికి స్టూళ్ళు వేయండి, మేం ఆరేళ్ళుగా మీ దగ్గరే కొంటున్నాం" అని రాసి పేరు, నంబరు పెట్టా. నా వెనక లైన్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా కింద సంతకం పెట్టారు. మేనేజర్ వచ్చి చదివి, పైకి పంపిస్తాం మేడం అన్నాడు.

బిల్లింగ్_కౌంటర్_4
ఏ బ్రాంచి అక్కా? మా స్నేహితురాలు అటు సైడే చేస్తోంది, వచ్చే వారం వెళ్ళి ఆ పుస్తకంలో పేజీ ఉందో లేదో చూడమంటా.